ఒక డెల్టా పట్టణపు కర్బన పద్దు

గోదావరి డెల్టాలో, సముద్రానికి మరీ దూరం కాని ఒక చిన్న పట్టణం తన కర్బన ఉద్గారాలను తగ్గించుకునేందుకు ప్రణాళిక వేసుకుంటోంది. ఆ పనిలో కొంతకాలంగా నేను కూడా సాయపడుతున్నాను. విద్యుత్ వినియోగ తనిఖీ నా వృత్తి. కర్మాగారాల్లో బాయిలర్లు, కంప్రెసర్లు, పంపులు ఎంత శక్తిని తీసుకుని ఎంత పని చేస్తున్నాయో కొలిచి చెప్పడం నాకు అలవాటైన పని. ఆ పట్టణం మా అమ్మగారి పుట్టిల్లు. అక్కడి పెద్దలు కొందరు అడిగినప్పుడు సంతోషంగా ఒప్పుకున్నాను. పెద్ద నగరాల కోసం, జీతాలు తీసుకునే నిపుణుల కోసం తయారైన పద్ధతులను ఇరవై ముప్పై వేల జనాభా ఉన్న ఊరికి ఉన్నవున్నట్టుగా తగిలిస్తే ఆ ప్రణాళిక బీరువాలో మిగులుతుంది తప్ప పని జరగదు. చిన్న ఊరికి తగిన పద్ధతి ఎలా ఉండాలో మాకు పని చేస్తూ ఉండగా స్పష్టమవుతూ వచ్చింది. డెల్టాలోని మిగతా పట్టణాల వారికి ఉపయోగపడుతుందనే నమ్మకంతో దానిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఆ పురపాలక సంఘంలో కమిషనర్, ఇంజనీరింగ్ విభాగంలో ఒకరిద్దరు, కొద్దిమంది గుమాస్తాలు, వార్డు సచివాలయాల కార్యదర్శులు ఉన్నారు. పర్యావరణం కోసమంటూ విడిగా ఎవరూ లేరు. పన్నులు, మంచినీళ్లు, మురుగు కాలువల పూడిక, జనన మరణ ధ్రువపత్రాలతోనే వారి రోజు గడిచిపోతుంది. అందువల్ల ప్రణాళిక పని మొత్తం స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వారి చేతుల్లోనే నడుస్తోంది. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు, విద్యుత్ సంస్థలో లైన్‌మన్‌గా పనిచేసి విశ్రాంతిలో ఉన్న ఒక పెద్దాయన, డ్వాక్రా సంఘాలను నడిపిస్తున్న ఒక మహిళ, ఎరువుల దుకాణం ఉన్న ఒక కౌన్సిలర్, డిగ్రీ కళాశాల విద్యార్థులు కొందరు ఈ బృందంలో ఉన్నారు. ఆదివారాలు, పండుగ సెలవులు, సాయంత్రాలు మాత్రమే వీరికి దొరికే సమయం. పరీక్షలొస్తే విద్యార్థులు రారు, కోతలొస్తే కౌన్సిలర్‌గారికి తీరదు. ఈ పరిమితిని ప్రణాళికలో మొదటి అంశంగా రాసుకోవాలన్నది నా అభిప్రాయం, ఎందుకంటే ఎంత గొప్ప లెక్కయినా దాన్ని ఏటా తిరిగి వేసే ఓపిక ఉన్న మనుషులు లేకపోతే ఒక్క ఏడాదితోనే ఆగిపోతుంది.

మొదటి సమావేశాల్లో ఒకదానిలో, పట్టణంలో ఏయే పనుల వల్ల ఎంత ఉద్గారం వెలువడుతుందో చూపే పట్టికను అందరి ముందూ పెట్టాను. మాస్టారు దానిని చివరిదాకా చదివి, కళ్లద్దాలు తీసి, "లెక్క బాగానే ఉందమ్మా. ఇందులో మన కౌన్సిల్ సంతకంతో తగ్గేది ఏది, పైవాళ్లెవరో దయతలిస్తే తగ్గేది ఏది? ముందు ఆ రెండూ విడదియ్యండి" అన్నారు. ఆ తర్వాత మేం చేసిన పనంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. పట్టికకు అప్పుడే ఒక కొత్త గడి చేర్చాం. ఆ గడిలో ప్రతి అంశానికీ ఎదురుగా సంతకం ఎవరిదో రాశాం.

సాధారణంగా నగరాల కర్బన లెక్కలో ముందు పట్టణ సరిహద్దు గీసి, దాని లోపల జరిగే ప్రతి దహనాన్నీ, బయటి నుంచి వచ్చే ప్రతి యూనిట్ కరెంటునూ కలుపుతారు. మా ప్రాంతంలో ఆ దారిన వెళితే పట్టణం చేతిలో లేని అంశాలే పట్టిక మొత్తాన్నీ ఆక్రమిస్తాయి. కృష్ణా గోదావరి బేసిన్ గ్యాసు బావులు మా కొబ్బరితోటల మధ్యనే ఉన్నాయి. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో ఎగసిన మంటను ఆర్పడానికి 65 రోజులు పట్టిన సంగతి కోనసీమలో ఆనాటి వారెవరూ మరచిపోలేదు. చుట్టూ వరిచేలు, వాటిని ఆనుకుని రొయ్యల చెరువులు ఉన్నాయి. నీరు నిలిచిన వరిమడిలో, గాలి చొరబడని బురదలో, సూక్ష్మజీవులు మీథేన్ వాయువును తయారుచేస్తాయి. వందేళ్ల కాలాన్ని తీసుకుని లెక్కిస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతాయి, కరెంటు పోతే డీజిల్ జనరేటర్లు వేస్తారు. ఇవన్నీ నిజమైన ఉద్గారాలే, వీటి గురించి మాట్లాడాల్సిందే. అయితే గ్యాసు బావి మీద కౌన్సిల్‌కు అధికారం లేదు, పంచాయతీల పొలాల మీద అసలే లేదు.

వరిని లెక్కలోంచి వదిలేయడానికి కౌన్సిలర్‌గారు మొదట ఒప్పుకోలేదు. ఆయన రైతు కూడా కాబట్టి ఆ పట్టుదల నాకు అర్థమైంది. మడిలో చిల్లులున్న గొట్టం పాతి, నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగిన తర్వాతే మళ్లీ నీరు పెట్టే పద్ధతిని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ప్రచారంలోకి తెచ్చింది. అలా ఆరగట్టుతూ తడిపితే మీథేన్ సగం వరకూ తగ్గుతుంది, దిగుబడికి నష్టం ఉండదు. డెల్టాలో ఒక చిక్కు ఉంది. ఇక్కడ చాలాచోట్ల నీరు చేను మీంచి చేనుకు పారుతుంది, దాళ్వాలో నీటికి ఎద్దడి వస్తే వంతులవారీగా వదులుతారు. పై చేను రైతు తన మడి ఆరగట్టాలనుకున్నా కింది చేనుకు నీరు అతని మడి మీంచే వెళ్లాలి, వంతు తప్పితే మళ్లీ ఎప్పుడొస్తుందోనన్న భయం కూడా ఉంటుంది. ఈ ముడి విప్పాల్సింది నీటి సంఘాలు, జలవనరుల శాఖ, రైతులు కలిసి. అందువల్ల వరిని, చెరువులను, గ్యాసును కొట్టివేయకుండా ప్రణాళిక చివర విడి పేజీలో ఉంచాం. ఆ పేజీకి ఎగువన "ఇవి మన చుట్టూ ఉన్నాయి, మన సంతకం కింద లేవు" అని రాశాం. మిగిలిన పేజీలన్నీ పురపాలక సంఘం సొంతంగా వాడే కరెంటు, డీజిల్, సొంతంగా మోసే చెత్త గురించినవి.

ఆ సొంత వినియోగం ఎంతో తెలియాలంటే కరెంటు బిల్లులు కావాలి. చిన్న ఊరి కర్బన ప్రణాళికకు నిజమైన మొదటి మెట్టు సర్వీసు నంబర్ల జాబితా అని నేను గట్టిగా నమ్ముతున్నాను. పురపాలక సంఘం పేరుమీద ఉన్న ప్రతి విద్యుత్ కనెక్షన్‌నూ, అంటే కార్యాలయం, నీటి శుద్ధి కేంద్రం, బోర్లు, వీధి దీపాల స్విచ్‌బోర్డులు, పాఠశాలలు, పార్కు, కళ్యాణమండపం, చెత్త కేంద్రం వరకు, పంపిణీ సంస్థ రికార్డుతో సరిపోల్చి, ఆ తర్వాత మీటరు దగ్గరికి నడిచి వెళ్లి చూడాలి. ఈ పనిని విద్యార్థులు, లైన్‌మన్ పెద్దాయన కలిసి చేశారు. ఎప్పుడో మూతబడిన బోరుకు కనీస చార్జీ కడుతూ ఉండడం, ఆగిపోయిన మీటరుకు సగటు మీద బిల్లు రావడం, ఒక భవనం బిల్లులో పక్క భవనం వాడకం కలిసిపోవడం వంటివి ఏ ఊళ్లో వెతికినా కనబడేవే, ఇక్కడా కనబడ్డాయి. ఇవి సరిచేస్తే ఉద్గారం పెద్దగా తగ్గదు. లెక్క మాత్రం నమ్మదగినదవుతుంది, పైగా ఆదా అయిన కొద్దిపాటి డబ్బు కౌన్సిల్‌కు మా మీద నమ్మకం కలిగిస్తుంది.

యూనిట్లను కర్బనంలోకి మార్చేటప్పుడు ఒక చర్చ వచ్చింది. మనకు వచ్చేది సీలేరు నీటి కరెంటు కదా, దానికి కర్బనం లెక్కేమిటని ఒక పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్నే. దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 460 మెగావాట్లు, అది మన ప్రాంతపు గర్వకారణం. అయితే 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్ దేశంలోని మిగతా గ్రిడ్‌తో కలిసిపోయింది. అప్పటి నుంచి మన తీగలోకి వచ్చే కరెంటులో సీలేరు నీళ్లెన్ని, సింగరేణి బొగ్గెంత అని విడదీయడానికి వీలులేదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ దేశం మొత్తానికి ఏటా సగటు ప్రకటిస్తుంది. అది ఇటీవలి సంవత్సరాల్లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ దగ్గర ఉంది. మేం అదే తీసుకున్నాం. డీజిల్‌కు లీటరుకు 2.68 కిలోలు. ఈ రెండు అంకెలు తెలిస్తే ఒక చిన్న పురపాలక సంఘం లెక్కలో ఎక్కువ భాగాన్ని ఇంటర్ చదివే పిల్లలు కూడా వేయగలరు.

ఆ లెక్కలో అన్నింటికంటే పెద్ద పద్దు మంచినీటి పంపులది. డెల్టాలో ఇది ఆశ్చర్యం కలిగించే విషయమే. కాలువల నిండా నీళ్లున్న సీమలో తాగే నీటికి ఇంత కరెంటు ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. కారణాలు రెండు. సముద్రం దగ్గరయ్యే కొద్దీ భూగర్భ జలం ఉప్పగా ఉంటుంది కాబట్టి కాలువ నీరే తాగునీటికి ఆధారం. రబీ ముగిసి ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తే జూన్‌లో మళ్లీ వదిలేదాకా ఊరంతా వేసవి నిల్వ చెరువు మీదే బతకాలి. కాలువ నుంచి చెరువుకు ఒకసారి, చెరువు నుంచి వడపోత కేంద్రానికి ఒకసారి, అక్కడి నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఒకసారి నీటిని తోడుతారు. నేల బల్లపరుపుగా ఉండడం వల్ల వాలుతో పారించే అవకాశం తక్కువ. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి నీటిని తన బరువుతో తానే సముద్రం దాకా పారేలా చేశాడు. ఆ నీటిని ఇంటి కుళాయి ఎత్తుకు చేర్చడానికి మాత్రం మనం బొగ్గు కాలుస్తున్నాం.

20 హార్స్‌పవర్ మోటారు ఒకటి రోజుకు 16 గంటలు పూర్తి భారంతో నడుస్తుందనుకుందాం. రోజుకు దాదాపు 240 యూనిట్లు ఖర్చవుతాయి. ఏడాదికి సుమారు 61 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఆ మోటారు నిజంగా చేయాల్సిన పని ఎంత అన్నది అసలు ప్రశ్న. వెయ్యి లీటర్ల నీటిని ఒక మీటరు ఎత్తడానికి సిద్ధాంతం ప్రకారం 2.7 వాట్ అవర్ల శక్తి చాలు. గొట్టాల ఒరిపిడితో కలిపి 30 మీటర్ల ఎత్తు అనుకుంటే వెయ్యి లీటర్లకు 0.08 యూనిట్. పంపు, మోటారు కలిసి 60 శాతం సామర్థ్యంతో పనిచేస్తే 0.14 యూనిట్. కాబట్టి ఏ ఊళ్లోనైనా వెయ్యి లీటర్లకు 0.25 యూనిట్ పడుతోందంటే, ఎత్తు అంతే అయినప్పుడు, కరెంటులో పెద్ద భాగం నీటిని ఎత్తకుండా వేడిగా, చప్పుడుగా పోతోందన్నమాట. పంపు లోపల నీటిని తోసే చక్రం, అంటే ఇంపెల్లర్, అరిగిపోవడం, మోటారును ఎన్నోసార్లు తిరిగి చుట్టించడం, ముప్పై ఏళ్ల తర్వాతి జనాభాను ఊహించి అవసరానికి మించిన పంపు బిగించి గేటు వాల్వును సగం మూసి నడపడం దీనికి సాధారణ కారణాలు.

ఈ ఒక్క అంకె, అంటే వెయ్యి లీటర్లకు ఎన్ని యూనిట్లు అన్నది, చిన్న పట్టణానికి ఎంతో విలువైన కొలత. దీన్ని తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం లేకపోయినా పనవుతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి ఊళ్లోకి వెళ్లే వాల్వును కట్టేసి, పంపు మాత్రం నడిపి, ట్యాంకులో నీటిమట్టం ఎంత సమయంలో ఎంత పెరిగిందో కొలుస్తాం. ట్యాంకు లోపలి వైశాల్యం 100 చదరపు మీటర్లయితే మట్టం ఒక సెంటీమీటరు పెరిగితే వెయ్యి లీటర్లు చేరినట్టు. అదే సమయంలో కింద మీటరు దగ్గర ఇంకొకరు యూనిట్ల అంకె రాసుకుంటారు. తెల్లవారుజామున, నీళ్లు వదిలే వేళకు ముందు, ఈ పరీక్ష చేయాలి. పంపు ఆపరేటరుగారి సహకారం లేకపోతే ఇది జరగదు. ఇక్కడి ఆపరేటరు ఏ పంపు ఏ నెలలో ఎలా మూలుగుతుందో చెప్పగల మనిషి. ఆయన చెప్పిన మాటలను కూడా పరీక్ష అంకెల పక్కనే రాయించాను. ఇలాంటి అనుభవజ్ఞానం ఏ కన్సల్టెంట్ నివేదికలోనూ కనబడదు, ఆయన ఉద్యోగ విరమణతో పోకూడదు.

కొలిచాక చేయాల్సినవి వరుసగా ఉన్నాయి. లీకులు కట్టడం అన్నింటికంటే ముందు, ఎందుకంటే కారిపోయే ప్రతి లీటరూ మూడుసార్లు తోడిన నీరు. తర్వాత అవసరానికి సరిపోయే పంపు. ఆ తర్వాతే సౌరవిద్యుత్తు. ఈ వరుస తప్పి ముందుగా ఫలకాలు బిగిస్తే అరిగిన పంపు వృథా చేసే కరెంటుకు కూడా ఫలకాలు కొనాల్సి వస్తుంది. ఒక కిలోవాట్ ఫలకాలు మా ప్రాంతంలో రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి, వాటికి సుమారు వంద చదరపు అడుగుల చోటు పడుతుంది. 240 యూనిట్లకు 60 కిలోవాట్లు, ఆరు వేల చదరపు అడుగులు కావాలి. పంపు వినియోగం సగానికి తగ్గితే చోటూ ఖర్చూ కూడా సగమే. పంపు నడిపే వేళలను మధ్యాహ్నానికి జరిపితే ఇంకొక లాభం ఉంది. ఎండ ఉన్నప్పుడు ట్యాంకు నింపుకుని సాయంత్రం ఊళ్లోకి వదిలితే విడిగా బ్యాటరీల అవసరమే రాదు.

వీధి దీపాల దగ్గర నేను లైన్‌మన్ పెద్దాయన దగ్గర శిష్యరికం చేశాననే చెప్పాలి. కేంద్రం 2015 జనవరి 5న వీధి దీపాల జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించిన తర్వాత మన రాష్ట్రంలో చాలా ఊళ్లలో ఎల్‌ఈడీలు వచ్చాయి, ఈ పట్టణంలోనూ ఉన్నాయి. ఇంకేముంది, ఆ పని అయిపోయినట్టే కదా అని బృందంలో ఒకరు అన్నారు. దానికి పెద్దాయన, "మేడం గారూ, మిట్టమధ్యాహ్నం నాతో పాటు శివారు పేటలోకి రండి, వెలుగుతున్న లైట్లు చూపిస్తానండి" అన్నారు. వీధి దీపాలకు విడిగా మూడో తీగ లాగని చోట్ల దీపం నేరుగా ఇళ్లకు వెళ్లే లైనుకే తగిలించి ఉంటుంది, దానిని పగలు ఆర్పడానికి దారి ఉండదు. పాత 40 వాట్ల ట్యూబ్‌లైటు చోక్‌తో కలిపి 50 వాట్లు తీసుకుంటూ 12 గంటలు వెలిగితే 0.6 యూనిట్. దాని స్థానంలో వచ్చిన 20 వాట్ల ఎల్‌ఈడీ రాత్రి మాత్రమే వెలిగితే 0.24 యూనిట్, పగలూ రాత్రీ వెలిగితే 0.48 యూనిట్. అంటే దీపం మార్చి సంపాదించిన ఆదాలో మూడింట రెండు వంతులు మూడో తీగ లేకపోవడం వల్లే పోతున్నాయి. కాబట్టి ప్రణాళికలో కొత్త దీపాల మాట రాయలేదు. ఏ స్తంభం నుంచి ఏ స్తంభం దాకా మూడో తీగ లేదో పేటల వారీగా పటం గీసి, తీగకూ టైమర్ స్విచ్‌కూ అంచనా వేశాం. పటం గీసింది విద్యార్థులు, స్తంభాల వరుసలు చెప్పింది పెద్దాయన.

సౌరఫలకాలకు చోటు వెతకడం కోనసీమలో వేరే సమస్య. ఇక్కడ భవనాల మీద నీడ పడేది పక్క మేడల వల్ల కాదు, కొబ్బరిచెట్ల వల్ల. ఫలకంలో ఒక మూల నీడ పడినా ఆ వరుస మొత్తం ఉత్పత్తి పడిపోతుంది. ఫలకాల కోసం కాపు కాసే కొబ్బరిచెట్టు కొట్టమని చెప్పే ప్రణాళికను నేను రాయను, రాసినా ఊరు ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే సరైనది. పట్టణంలో చెట్ల నీడ పడని విశాలమైన పురపాలక స్థలం నీటి శుద్ధి కేంద్రం ఆవరణే. కరెంటు ఎక్కువగా ఖర్చయ్యే చోటు కూడా అదే కావడం అదృష్టం. నిల్వ చెరువు మీద తేలే ఫలకాలు పెట్టవచ్చుగదా అని విద్యార్థులు అడిగారు. ఎన్‌టీపీసీ రామగుండం జలాశయం మీద 100 మెగావాట్ల తేలే కేంద్రాన్ని 2022లో పూర్తిచేసింది కాబట్టి సాంకేతికంగా సాధ్యమే. మా చెరువులో మాత్రం వేసవిలో నీటిమట్టం బాగా దిగిపోతుంది, తుపానులో లంగరు తట్టుకోవాలి, తాగునీటి శుభ్రతను చూసుకోవాలి. నేల మీద చోటు ఉన్నంతవరకు ఆ ఖర్చుకు వెళ్లవద్దనే సలహా ఇచ్చాను.

తుపాను మాట ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. 1996 నవంబరు 6 రాత్రి ఏం జరిగిందో ప్రతి ఇంట్లోనూ చెబుతారు. మన తూర్పు తీరంలో కట్టడాలను సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్ల ప్రాథమిక గాలి వేగానికి లెక్కవేసి కట్టాలని భారతీయ ప్రమాణం చెబుతోంది. సౌరఫలకాలు బిగించడానికి లోపలి జిల్లాల ధరలకు టెండరు పిలిస్తే లోపలి జిల్లాల బలమే వస్తుంది. స్తంభాల లోతు, వేడి జింకు పూత, ఉప్పుగాలికి తుప్పు పట్టని బోల్టులు టెండరు పత్రంలోనే ఉండాలని పట్టుబట్టాం. తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు రానప్పుడు నీటి కేంద్రానికి డీజిల్ జనరేటరే దిక్కు. లీటరుకు మహా అయితే మూడు, మూడున్నర యూనిట్లు వస్తాయి. గ్రిడ్ లేని వేళ కూడా పనిచేసేలా సౌర ఏర్పాటును రూపొందిస్తే పగటిపూట ఒక పంపయినా నడుస్తుంది. కౌన్సిల్ సభ్యులందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్న వాదన ఇదే. కర్బనం గురించి తలా ఒక అభిప్రాయం ఉన్నా, తుపాను మర్నాడు మంచినీళ్లు రావాలనే దానిలో వారికి తేడా లేదు.

చెత్త విషయంలో డెల్టాకు ప్రత్యేకమైన ఒక సంగతి బృందంలో అందరినీ ఆలోచింపజేసింది. చెత్తకుప్పల నుంచి మీథేన్ ఎంత వస్తుందో లెక్కించడానికి ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల నిపుణుల సంఘం ఐపీసీసీ ఇచ్చిన పద్ధతిలో, నిర్వహణ లేని, ఐదు మీటర్ల కంటే లోతు తక్కువ కుప్పకు 0.4 అనే గుణకం ఉంటుంది. ఐదు మీటర్లు మించినా, లేదా నేలనీరు పైపైనే ఉన్నా, గుణకం 0.8. మన దగ్గర రెండు బారలు తవ్వితే నీళ్లు. అంటే మా ఊరి చిన్న కుప్ప, పైకి ఎంత పలుచగా కనిపించినా, అడుగున నీళ్లలో నాని గాలి లేకుండా కుళ్లుతూ, మెరక ప్రాంతంలోని అంతే కుప్పకు రెట్టింపు మీథేన్ ఇస్తుంది. తడి చెత్తను కుప్పకు చేరనివ్వకపోవడమే దీనికి నేరుగా పనిచేసే మందు. తడి, పొడి, హానికర చెత్తను ఇంటి దగ్గరే వేరు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. నిబంధన ఉన్నంత మాత్రాన వేరు కాదని అందరికీ తెలుసు. డ్వాక్రా నాయకురాలు ఒక పేటను తీసుకుని, ప్రతి వీధికీ ఆ వీధి సంఘం సభ్యురాలినే బాధ్యురాలిని చేశారు. "మున్సిపాలిటీవాళ్లు చెబితే వినరండి, అప్పు వాయిదా దగ్గర రోజూ కలిసే మనిషి చెబితే వింటారు" అన్నది ఆమె మాట. ఆ పేట నుంచి వచ్చే తడి చెత్త ఎరువుకు పనికొస్తోంది. మిగతా పేటలకు విస్తరించడానికి డబ్బు కంటే ఆమెలాంటి మనుషుల అవసరమే ఎక్కువ.

కొబ్బరి వ్యర్థాలు ఇంకొక భాగం. బొండాల డొక్కలు, పీచు, పొట్టు పురపాలక చెత్తలో కలిస్తే బరువు పెరుగుతుంది, ఎండాక ఎవరో అగ్గిపుల్ల వేస్తారు, ఆ పొగ ఊరి మీద ఉంటుంది. విడిగా పోగుచేస్తే పీచుకు కొనేవారున్నారు, పొట్టు మొక్కల కుండీల్లోకి పనికొస్తుంది, నర్సరీలకు పేరుపడ్డ కడియం మనకు దూరం కాదు. బొండాల బళ్ల వారితో మాట్లాడి డొక్కలను ఒకచోట పోసే ఏర్పాటు చేస్తే చాలు. చెత్త ట్రాక్టర్లు, ఆటోల డీజిల్ గురించి ఎక్కువ రాయాల్సింది లేదు. అవి తిరిగే దూరం తక్కువ, రాత్రి ఒకేచోట ఆగుతాయి, పాతబడినప్పుడల్లా విద్యుత్ వాహనం కొనాలన్న ఒక్క తీర్మానం సరిపోతుంది.

డబ్బు దగ్గర మాస్టారి ప్రశ్నే మళ్లీ ఎదురైంది. పదిహేనో ఆర్థిక సంఘం 2021–26 కాలానికి చిన్న పట్టణాలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే కేటాయించింది. కర్బనం పేరుతో అడిగితే ఏ పద్దులోనూ ఒదగని పని, తాగునీటి పంపు మార్పు అని అడిగితే ఆ పద్దులో సహజంగా ఒదుగుతుంది. అందుకే మా ప్రణాళికలో ప్రతి పనికీ ఊళ్లో వాడుకలో ఉన్న పేరే పెట్టాం. దాని పక్కనే తగ్గే యూనిట్లు, తగ్గే కర్బనం రాశాం. ఇంకా తేలని విషయం ఆదా అయిన సొమ్ముది. బిల్లు తగ్గితే మిగిలిన డబ్బు సాధారణ ఖాతాలో కలిసిపోతుంది, తర్వాతి పనికి మళ్లీ మొదటి నుంచి అడగాలి. ఆదాలో కొంత భాగాన్ని విడి ఖాతాలో ఉంచి తర్వాతి పంపుకో, తీగకో వాడాలని తీర్మానం ముసాయిదా రాశాం. నా దృష్టిలో మొత్తం ప్రణాళికలో ముఖ్యమైన కాగితం అదే. కౌన్సిల్ దానిని ఇంకా చర్చిస్తోంది.

లక్ష్యంగా ఏ సంవత్సరం పెట్టాలన్న చర్చ చాలాసేపు నడిచింది. భారతదేశం 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలను సాధిస్తుందని ప్రధాని 2021లో గ్లాస్గోలో ప్రకటించారు. కేరళలో వయనాడు జిల్లా మీనంగాడి పంచాయతీ 2016లోనే కర్బన తటస్థత పని మొదలుపెట్టి, చెట్లు పెంచే రైతులకు ఆ చెట్లనే పూచీగా తీసుకుని అప్పులిచ్చే పథకం దాకా వెళ్లింది. మనం కూడా 2040 అని రాద్దామని విద్యార్థులు ఉత్సాహపడ్డారు. వారి ఉత్సాహం నాకు విలువైనది. అయినా సంవత్సరం రాయవద్దనే చెప్పాను. కమిషనర్లు బదిలీ అవుతారు, కౌన్సిల్ మారుతుంది, విద్యార్థులు ఉద్యోగాలకు వెళ్తారు. 2040లో జవాబు చెప్పవలసినవారెవరూ ఈనాడు ఆ గదిలో లేరు. వచ్చే మూడు బడ్జెట్లలో ఏ పంపు, ఏ వీధి, ఏ పేట అన్నది మాత్రం ఆ గదిలో ఉన్నవారే తేల్చగలరు. చివరికి మూడు బడ్జెట్ల జాబితా ఒకటి, దానితోపాటు ప్రతి నెలా నింపాల్సిన పద్దు పుస్తకం ఒకటి తయారుచేశాం. పుస్తకంలో సర్వీసు నంబరు, స్థలం, యూనిట్లు, డీజిల్ లీటర్లు, తోడిన నీరు, రాసినవారి పేరు మాత్రమే ఉంటాయి. ఒక ప్రతి ఇంజనీరింగ్ విభాగంలో, ఇంకొకటి కళాశాల గ్రంథాలయంలో ఉంటాయి. ప్రతి జూన్‌లో రెండో సంవత్సరంలోకి వచ్చే విద్యార్థులు దానిని అందుకుంటారు, మొదటి నెల మాస్టారు పక్కన కూర్చుంటారు.

ప్రస్తుతం పెద్ద పంపు మార్పు ప్రతిపాదన అంచనాలతో సహా కౌన్సిల్ ముందుంది. మూడో తీగ పటం పంపిణీ సంస్థ స్థానిక కార్యాలయానికి చేరింది. లీకుల పరీక్ష మాత్రం మిగిలి ఉంది. నిల్వ చెరువు నిండుగా ఉండి, ఊళ్లోకి నీటి సరఫరా రాత్రిపూట పూర్తిగా ఆపగలిగిన రోజుల్లోనే అది చేయాలి. ఏ వీధి వాల్వు మూసినప్పుడు ట్యాంకు మట్టం దిగడం ఆగుతుందో చూస్తూ ఒక్కొక్క వాల్వు దగ్గర ఒక్కొక్కరు నిలబడాలి. అంటే ఒకే రాత్రి చాలామంది కావాలి. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసేలోపు ఆ పని ముగించాలని అనుకుంటున్నాం. వాల్వుల జాబితా, వాటి దగ్గర ఎవరెవరు నిలబడాలన్న వరుస లైన్‌మన్ పెద్దాయన ఇప్పటికే రాసి ఉంచారు.